రాజోలుకు రెండో ప్రమాద హెచ్చరిక: నా బేస్‌బాల్ ఆటలో రిలీవర్ల లెక్క

జూన్ 2

కంప్యూటర్‌లో నేను సొంతంగా రాసుకున్న బేస్‌బాల్ ఆటలో 41వ మ్యాచ్ పోయింది. తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఎనిమిదోది, 4-3తో మనమే ముందున్నాం. ప్రత్యర్థులు ఇద్దరు బేస్‌ల మీదున్నారు. బంతి వెయ్యడానికి నా పిచర్ రాజోలును దించాను. మూడో బంతికే హోమ్ రన్, ఒక్క దెబ్బకి మూడు పరుగులు. 4-6.

ఓడినందుకు దిగులు లేదు. మ్యాచ్‌లన్నీ నమోదయ్యే లాగ్ తెరిచి చూశాకే దిగులు పట్టుకుంది. 41 మ్యాచ్‌లలో రాజోలు 33 వేశాడు. ఇదే జోరున పోతే 162 మ్యాచ్‌ల సీజన్ అయ్యేసరికి 130 మ్యాచ్‌లు వేస్తాడు. నిజం మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్‌లో, ఒక సీజన్‌లో ఒక పిచర్ ఆడిన అత్యధిక మ్యాచ్‌లు 106. 1974లో డాడ్జర్స్ జట్టు తరఫున మైక్ మార్షల్ పెట్టిన రికార్డు అది. యాభై ఏళ్ళుగా దాని దరిదాపుల్లోకి కూడా ఎవరూ వెళ్ళలేదు. నా ప్రోగ్రాములో మాత్రం రాజోలు పేరు పక్కన ఇప్పటికీ పచ్చరంగులో 'తాజా' అనే ఉంది.

ఎందుకంటే అలసటకి నేను రాసింది ఒకే ఒక్క వరుస: గత మూడు రోజుల్లో మూడు ఇన్నింగ్స్ దాటితే అలిసినట్టు, లేకపోతే తాజా. రోజుకొక ఇన్నింగ్ చొప్పున వేస్తే మూడు దాటదు. అంటే ఆ హోమ్ రన్‌కి అలసట కారణం కానే కాదు, నా ఆటకి అలసటంటేనే తెలియదు. అలాంటప్పుడు ఇప్పటిదాకా గెలిచిన 29 మ్యాచ్‌లు కూడా లెక్కలోకి రావు. సీజన్ ఆపేశాను. ముందు ఇది సరిచెయ్యాలి.

కొత్తగా చదివేవాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. మా అక్కా బావగారూ టెక్సస్‌లో ఉంటారు. నేను అంబాజీపేట పక్క ఊళ్ళో మా ఇంట్లోనే ఉండి రాత్రి షిఫ్టు చేస్తాను. తెల్లారుజామున నాలుగున్నరకి నా పని అయ్యేసరికి అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడు గంటల మ్యాచ్ మొదలవుతుంది. అలా పట్టింది ఈ ఆట పిచ్చి. రెండేళ్ళుగా పైథాన్‌లో సొంత సిమ్యులేటర్ రాస్తున్నాను. ఒక జట్టు నాది, ఒకటి బావగారిది, మిగతావి కంప్యూటర్‌వి. నా ఆటగాళ్ళందరికీ కోనసీమ ఊళ్ళ పేర్లే పెట్టాను. ఆట చివర్లో తాళం వేసే క్లోజర్ రాజోలు. అతని ముందు రావులపాలెం. ఎడమచేతి వాటం ఆత్రేయపురం. ఆ తర్వాత ముమ్మిడివరం, కొత్తపేట, మలికిపురం, ఐ.పోలవరం. మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, అంటే స్టార్టర్, తొందరగా చేతులెత్తేసిన రోజు మూడు నాలుగు ఇన్నింగ్స్ మోసేది సఖినేటిపల్లి. మొత్తం ఎనిమిది మంది. అంబాజీపేట పేరు ఎవరికీ పెట్టలేదు, పక్క ఊరి మీద పక్షపాతం చూపిస్తానేమోనని.

క్రికెట్ అలవాటున్నవాళ్ళకి ఒక్క తేడా చెబితే చాలు. టి20లో బౌలర్‌కి నాలుగు ఓవర్లే అని నిబంధనే కాపాడుతుంది. బేస్‌బాల్‌లో ఆ కాపు లేదు. పిచర్‌ని ఎన్ని బంతులైనా వేయించొచ్చు, వరుసగా ఎన్ని రోజులైనా పిలవొచ్చు. కానీ ఒకసారి బయటికి తీస్తే ఆ మ్యాచ్‌లోకి మళ్ళీ రాడు. పైగా దాదాపు ప్రతిరోజూ మ్యాచే. కాబట్టి పిచర్ చెయ్యి మేనేజర్ పూచీ.

జూన్ 5

కోడ్ ముట్టుకోలేదు. కాగితం మీద కూడికలు, తీసివేతలే. ఇది ముందే చేసి ఉండాల్సింది.

162 మ్యాచ్‌లు, తొమ్మిదేసి ఇన్నింగ్స్. సుమారు 1,450 వెయ్యాలి. ఈ రోజుల్లో స్టార్టర్ సగటున ఐదు ఇన్నింగ్స్ చిల్లర వేసి దిగిపోతాడు. అంటే స్టార్టర్లందరూ కలిసి 850 వేశారనుకుందాం. మిగిలిన 600 ఎవరు వెయ్యాలి? బుల్‌పెన్, అంటే స్టార్టర్ దిగాక వచ్చే రిలీవర్లు. ఎనిమిది మందికి పంచితే తలా 75. కానీ ఒక ఇన్నింగ్ చొప్పున వేసే మంచి రిలీవర్ ఏడాదికి 60 నుంచి 70 మధ్య వేస్తాడు. తలా 65 వేసుకున్నా 520. ఇంకో 80 ఇన్నింగ్స్‌కి మనిషే లేడు.

ఈ 80 దగ్గరే మొత్తం సమస్య ఉంది. ఎనిమిది మందినీ ఎంత తెలివిగా తిప్పినా ఆ లోటు పూడదు. బయటి నుంచి మనిషిని తేవాలి. నిజం జట్లు చేసేది అదే. కింది స్థాయి ట్రిపుల్ ఏ జట్టు నుంచి తాజా చేతిని పిలిపించి, అలిసినవాణ్ణి కిందికి పంపుతాయి. 2022 నుంచి దీనికి హద్దులు గట్టిపడ్డాయి. జట్టులో 26 మంది ఉంటే పిచర్లు 13కి మించకూడదు. కిందికి పంపిన పిచర్‌ని మామూలుగా 15 రోజుల దాకా వెనక్కి పిలవకూడదు. ఒకే మనిషిని సీజన్‌లో ఐదుసార్లకి మించి అలా పంపకూడదు.

నా ఆటలో కింది జట్టే లేదు. ఇవాళ నలుగురు పిచర్లతో ఒకటి కట్టాను. వాళ్ళకి లంకల పేర్లు పెట్టాను.

జూన్ 9

కొత్త అలసట లెక్క మొదలుపెట్టాను. ఇన్నింగ్స్ వదిలేసి బంతులు పట్టుకున్నాను. తొమ్మిది బంతుల్లో ముగిసే ఇన్నింగ్ ఉంటుంది, ముప్పై ఐదు బంతులు పట్టేదీ ఉంటుంది. రెండిటికీ ఒకే విలువ కట్టడం నా మొదటి తప్పు.

రెండో తప్పు, అలసటని స్విచ్‌లా రాయడం. చెయ్యి అలా ఉండదు. రాత్రి రాత్రికి కొంత తీరుతుంది, కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలినదాని మీద మర్నాటి బరువు పడుతుంది. అందుకని ప్రతి పిచర్‌కీ ఒక అంకె పెట్టాను. మ్యాచ్ అయ్యాక ఆ రోజు బంతులు దానికి కలుపుతాను. రాత్రి గడిచాక మొత్తాన్ని 0.6తో గుణిస్తాను. అంటే పొద్దుటికి నలభై శాతం దిగుతుంది, అరవై శాతం ఉండిపోతుంది.

ఈ 0.6 నేను ఎంచుకున్న అంకె. పరీక్షలప్పుడు మార్చి చూడాలని పక్కన రాసి పెట్టుకున్నాను.

రాజోలు పాత లాగ్‌ని ఈ సూత్రంలో వేసి చూశాను. అంకెలు కొంచెం పెరిగాయి గానీ భయపెట్టేలా లేవు. 33 మ్యాచ్‌లు వేసిన మనిషికి ఇంత తక్కువా? ఏదో తప్పిపోతోంది. అర్థరాత్రి దాకా చూసినా దొరకలేదు.

జూన్ 14

దొరికింది. లాప్‌టాప్‌లో కాదు, కొబ్బరితోటలో.

ఇవాళ మా తోటలో దింపు. నాన్నకి ఒంట్లో బాగోక నన్ను పంపించారు. పొద్దున్నే నలుగురు వచ్చారు. మేస్త్రి కాళ్ళకి బందం వేసుకుని మూడు చెట్లు ఎక్కి దిగాడో లేదో వాన. షెడ్డు కిందికి వచ్చి కూర్చున్నారు. గంటకి తెరిపి ఇచ్చింది. రెండు చెట్లు ఎక్కాడు, మళ్ళీ జల్లు. ఇలా సాయంత్రం దాకా ఎక్కడం, దిగి కూర్చోవడం, మళ్ళీ ఎక్కడం. గెలలు లెక్కబెట్టే నాటికి మేస్త్రి వంతు మొత్తం పదకొండు చెట్లే. మామూలు రోజున అంతకు మూడింతలు చేస్తాడు.

టీ ఇస్తూ అన్నాను: "పోనీలెండి మేస్త్రిగారూ, ఇవాళ ఒంటికి విశ్రాంతి."

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. "విశ్రాంతేంటండి బాబూ! నలభై చెట్లు వరసన ఎక్కినా ఇంత నొప్పి ఉండదండి. దిగి కూర్చుంటే ఒళ్ళు చల్లారిపోద్దండి. మళ్ళీ లేచామంటే మొదటి చెట్టు మళ్ళీ ఎక్కినట్టేనండి. ఇవాళ నేను ఎక్కింది పదకొండు కాదండి, మొదటి చెట్టే ఐదుసార్లు ఎక్కాను. రేపు ఇంకో తోట ఒప్పుకున్నాను గానీ రానని ఫోన్ చేసేస్తానండి."

"రేపు రారా?"

"ఆయ్. రేపు ఎక్కితే ఎల్లుండి దిగలేనండి."

ఆ మాట విన్నాక గెలల మీద ధ్యాస నిలవలేదు. బుల్‌పెన్‌లో జరిగేది అచ్చం ఇదే. ఎనిమిదో ఇన్నింగ్‌లో స్టార్టర్ తడబడుతుంటే మేనేజర్ ఫోన్ చేస్తాడు, రాజోలు లేచి వార్మప్ మొదలెడతాడు. ఇరవై బంతులు వేసి చెయ్యి వేడెక్కాక స్టార్టర్ గండం గట్టెక్కేస్తాడు. రాజోలు కూర్చుంటాడు. తొమ్మిదో ఇన్నింగ్‌లో మళ్ళీ లేస్తాడు, మళ్ళీ ఇరవై. ఈలోగా మనవాళ్ళు ఐదు పరుగులు కొట్టేస్తే అతనితో పని ఉండదు. స్కోర్‌కార్డులో అతని పేరే కనబడదు, ఆ రోజు అతను ఆడనట్టే. నలభై బంతులు వేసిన చెయ్యి మాత్రం ఇంటికెళ్ళి మంచుగడ్డ పెట్టుకుంటుంది.

నా లాగ్‌లో వార్మప్‌లు నమోదవుతున్నాయి. వాటిని అలసటకి కలపడమే నేను చెయ్యలేదు.

జూన్ 15

కలిపాను. వార్మప్ బంతికి మ్యాచ్ బంతిలో సగం బరువు. పూర్తి బలంతో వెయ్యరు కాబట్టి సగం. లేచిన ప్రతిసారీ ఇరవై బంతులు, అంటే పది. కూర్చుని మళ్ళీ లేస్తే ఇంకో పది.

ఇప్పుడు లెక్క ఇలా నడుస్తుంది. పూర్తిగా తేరుకున్న పిచర్ ఒక రాత్రి వార్మప్ చేసి 18 బంతులు వేశాడు: 28. పొద్దుటికి 17 దగ్గర. రెండో రాత్రీ అంతే వేస్తే 45, పొద్దుటికి 27. మూడో రాత్రి కూడా వేస్తే 55, పొద్దుటికి 33. అదే మొదటి రాత్రి తర్వాత ఒక్కరోజు కదలకుండా కూర్చోబెడితే 17 కాస్తా 10కి దిగుతుంది. ఒకే ఒక్క రోజు విశ్రాంతికి ఇంత తేడా వస్తుందని అంకెల్లో చూశాకే నాకు నమ్మకం కలిగింది.

వేసిన మర్నాడు రెండుసార్లు లేపి, ఆడించకుండా కూర్చోబెడితే? 17కి 20 కలిపితే 37, పొద్దుటికి 22. విశ్రాంతి ఇచ్చాననుకున్న రోజున మనిషి ముందురోజు కంటే ఎక్కువ అలిశాడు. రాజోలు పాత లాగ్ మళ్ళీ వేశాను. 41వ మ్యాచ్ నాటి పొద్దున అతని అంకె 36.

ఆ రాత్రి చేతనైతే అతనికి క్షమాపణ చెప్పేవాణ్ణి. ఊహలోని మనిషే కావచ్చు, రెండేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి.

జూన్ 27

పదిరోజులు పని ఒత్తిడి. తీరిక దొరికిన గంటల్లో, అలసట ఎక్కితే ఏం జరగాలో రాశాను. అంకె 15 దాటాక ప్రతి ఐదుకీ స్ట్రైక్‌అవుట్ (బ్యాటర్‌ని బంతితోనే అవుట్ చెయ్యడం) అవకాశం కొంచెం తగ్గుతుంది, వాక్ (గురి తప్పిన బంతులకి బ్యాటర్‌కి ఊరికే బేస్ ఇవ్వడం) అవకాశం కొంచెం పెరుగుతుంది. బంతి వేగం తగ్గడం కన్నా గురి చెదరడమే ముందు కనబడేలా చేశాను. అలిసిన పిచర్‌ని చూస్తున్నప్పుడు నా కంటికి ముందు ఆనేది అదే.

గాయాన్ని వేరుగా రాశాను. పెద్ద అంకె మీద వేసిన ప్రతి బంతికీ చిన్న ప్రమాదం ఉంటుంది. చాలావాటికి 15 రోజుల గాయాల జాబితా, అరుదుగా మోచేతి లిగమెంట్ తెగడం. 1974 సెప్టెంబరులో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి ఆ లిగమెంట్ ఆపరేషన్ చేసింది టామీ జాన్ అనే డాడ్జర్స్ పిచర్‌కి, అందుకే ఇప్పటికీ ఆ ఆపరేషన్‌ని అతని పేరుతోనే పిలుస్తారు. మార్షల్ 106 మ్యాచ్‌లు వేసింది కూడా ఆ ఏడాదే, ఆ జట్టులోనే. ఒకే బుల్‌పెన్ గోడ పక్కన ఒకడి మోచెయ్యి తెగింది, ఇంకొకడు 208 ఇన్నింగ్స్ వేసి, ఏటా అత్యుత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు తీసుకున్నాడు. అది అందుకున్న మొదటి రిలీవర్ అతనే.

అందుకే అందరికీ ఒకే 0.6 ఉండకూడదని అనిపించింది. మార్షల్ లాంటివాడికి రాత్రికి ఎక్కువ దిగుతుంది. కానీ అలాంటివాడు జట్టులో ఉన్నాడని ముందే నమ్మడం ప్రమాదం. పెడ్రో ఫెలిసియానో అనే ఎడమచేతి రిలీవర్ మెట్స్ జట్టు తరఫున 2008, 2009, 2010లలో వరుసగా 86, 88, 92 మ్యాచ్‌లు వేసి మూడేళ్ళూ లీగ్‌లో అందరికన్నా ముందున్నాడు. ఎంతకీ అరగని చెయ్యి అనుకునేవాళ్ళు. తర్వాత యాంకీస్ జట్టు అతనితో రెండేళ్ళ ఒప్పందం చేసుకుంది. భుజం దెబ్బతిని వాళ్ళ తరఫున మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వెయ్యలేదు.

నా పిచర్లకి 0.55 నుంచి 0.65 మధ్య తలా ఒకటి యాదృచ్ఛికంగా ఇచ్చి, ఆ అంకె మేనేజర్‌కి కనబడకుండా దాచాను. షీట్‌లో మాత్రం అందరికీ 0.6 అనే చూపిస్తుంది. నిజం మేనేజర్‌కి తెలిసేదీ అంతే కదా.

జులై 8

ఎవరిని ఎప్పుడు దించాలి? దీనికి లెవరేజ్ ఇండెక్స్ పట్టిక ఎక్కించాను. టామ్ టాంగో అనే విశ్లేషకుడు తెచ్చిన కొలత ఇది. స్కోరు, ఇన్నింగ్, అవుట్లు, బేస్‌ల మీదున్నవాళ్ళు కలిపి ఆ క్షణంలో ఆట ఎంత బిగువుగా ఉందో ఒక్క అంకెలో చెబుతుంది. సగటు 1. రెండు దాటితే ఊపిరి బిగబట్టే సమయం. 0.85 కంటే తక్కువైతే ఎవరు వేసినా పెద్ద తేడా రాదు.

పాత లాగ్ మీద ఈ పట్టిక పరిచి చూస్తే రాజోలు వేసిన 33 మ్యాచ్‌లలో 14 మూడు పరుగుల ఆధిక్యంతో తొమ్మిదో ఇన్నింగ్ మొదలైనవి. అక్కడ కొత్తపేటను దించినా నిలబడేది. మరి రాజోలునే ఎందుకు పిలిచాను? సేవ్ కోసం. మూడు పరుగుల్లోపు ఆధిక్యాన్ని చివరి ఇన్నింగ్ అంతా కాపాడితే పిచర్ ఖాతాలో సేవ్ పడుతుంది. 1969 నుంచి అధికారిక లెక్క అది. పిచర్ గొప్పతనం చెప్పడానికి పుట్టిన లెక్క కాస్తా పిచర్‌ని ఎప్పుడు దించాలో నాకు చెబుతోంది. నా స్క్రీన్ మీద నుంచి సేవ్‌ల వరుస తీసేశాను. బావగారు ఒప్పుకోలేదు, ఆయన స్క్రీన్ మీద ఉంచాను.

సేవ్ కోసం దాచిపెట్టడంలో ఇంకో పక్క కూడా ఉంది. 2016 అక్టోబరు 4, బాల్టిమోర్, టొరొంటో మధ్య ఓడితే ఇంటికే అన్న మ్యాచ్. బాల్టిమోర్ క్లోజర్ జాక్ బ్రిటన్ ఆ సీజన్‌లో 47 అవకాశాలకి 47 సేవ్‌లు చేశాడు. స్కోరు సమం. ఆధిక్యం వస్తే దించుదామని మేనేజర్ అతన్ని అలాగే ఉంచాడు. ఆధిక్యం రాలేదు. 11వ ఇన్నింగ్‌లో వేరే పిచర్ బంతిని ఎన్‌కార్నసియోన్ స్టాండ్‌లోకి కొట్టాడు, మూడు పరుగులు, 5-2. బ్రిటన్ ఒక్క బంతి కూడా వెయ్యకుండానే సీజన్ ముగిసింది. రేపు లేని మ్యాచ్‌లో చేతిని దాచి లాభం లేదు. అందుకని ఓడితే బయటికే అన్న మ్యాచ్‌లలో నా అలసట అంకెలన్నీ పక్కన పెట్టేలా ఒక వరుస రాశాను.

ఆటే చేతికందని రోజుల గురించి కూడా రాశాను. ఎనిమిది పరుగులు వెనకబడితే బ్యాటర్ చేతే బంతి వేయించొచ్చని 2023 నిబంధన. గౌరవం తక్కువని నాకు మొదట్లో అనిపించేది. ఇప్పుడు మొహమాటం లేదు, సఖినేటిపల్లి చెయ్యి మిగులుతుంది.

ఆత్రేయపురం సంగతి తేలలేదు. ఒక్క ఎడమచేతి బ్యాటర్ కోసం దించి వెంటనే తీసెయ్యడానికి 2020 నుంచి వీల్లేదు. కనీసం ముగ్గురు బ్యాటర్లకి వెయ్యాలి, లేదా ఆ ఇన్నింగ్ ముగియాలి. అతన్ని ఎలా వాడాలో ఇంకా చూడాలి.

జులై 18

గోదావరి పొంగింది. ఏటా లాగే కనకాయలంక కాజ్‌వే మీదికి నీళ్ళొచ్చాయి. రోజంతా టీవీలో ధవళేశ్వరం నీటిమట్టమే. కరెంటు వస్తూ పోతూ ఉంది, ఇన్వర్టర్ మీద లాప్‌టాప్ నడుపుతున్నాను.

నాన్న ధవళేశ్వరం అంకె చూడరు. ముందు "భద్రాచలం ఎంతరా?" అని అడుగుతారు. అక్కడ 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. అక్కడి నీళ్ళు ఇక్కడికి దిగడానికి ఒక రోజు అటూఇటూ పడుతుంది. ఇక్కడ బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75. లంకల్లో వాళ్ళు ఈ అంకెల్ని బట్టే గొడ్లని గట్టు మీదికి తోలాలా, పడవ కట్టుకోవాలా తేల్చుకుంటారు. నీళ్ళు గడపలోకి వచ్చాక ఆలోచిద్దామనుకునేవాడు ఎవడూ ఉండడు.

నా షీట్‌లో ఉన్నవి వట్టి అంకెలు. 22 అంటే ఏం చెయ్యాలి? 28 అంటే? మ్యాచ్ మధ్యలో, 4-3 దగ్గర, భయంలో తేల్చుకుంటున్నాను. అక్కడే చెడుతోంది. ఇవాళ అన్నిటికీ హెచ్చరికలు పెట్టాను. 15 దాటితే మొదటి హెచ్చరిక: లెవరేజ్ 1 దాటితేనే లేపాలి, లేపితే దించాలి, మళ్ళీ కూర్చోబెట్టకూడదు. 25 దాటితే రెండోది: లెవరేజ్ 2 దాటాలి, మర్నాడు సెలవు ఉండాలి. 30 దాటితే మూడోది: ఆ రాత్రి అతని పేరు జాబితాలో కనబడదు. బుల్‌పెన్‌కి ఫోన్ చేసినా ఎత్తడు.

నాన్న అడిగే ప్రశ్నే నాకు అన్నిటికన్నా పనికొచ్చింది. పైనుంచి రేపు ఎంతొస్తుంది? రేపటి స్టార్టర్ సగటున ఎన్ని ఇన్నింగ్స్ వేస్తాడు అన్నది నా భద్రాచలం. ఏడు వేసేవాడైతే ఇవాళ ఇద్దరిని ఎక్కువ వాడుకోవచ్చు. నాలుగుకే దిగిపోయే ఐదో స్టార్టర్ (రోజుకొకరు చొప్పున వచ్చే స్టార్టర్ల వరసలో చివరివాడు) అయితే రేపు బుల్‌పెన్ మీదికి ఐదు ఇన్నింగ్స్ వరద వస్తుంది, ఇవాళే గేట్లు చూసుకోవాలి. షీట్‌లో ఆ వరుస చేర్చాను. పొద్దున్నే కాఫీ తాగుతూ ఎనిమిది మంది మట్టం, రేపటి ఇన్‌ఫ్లో చూసి ఆ రాత్రి ఎవరున్నారో రాసి పెట్టుకుంటున్నాను. మ్యాచ్ మొదలయ్యాక ఆ కాగితం మార్చను.

జులై 30

పరీక్షలు. ముగ్గురు మేనేజర్లని తయారుచేసి ఒక్కొక్కరి చేత 500 సీజన్లు ఆడించాను. రెండు రాత్రులు పట్టింది.

మొదటివాడు భయస్తుడు. ఆధిక్యం ఉంటే చాలు, ఎప్పుడూ అందరికన్నా మంచివాణ్ణే దించుతాడు, పాత నేనే. రెండోవాడు హెచ్చరికల ప్రకారం నడుస్తాడు. మూడోవాడు అతి జాగ్రత్తపరుడు, మొదటి హెచ్చరిక రాగానే ఎవరినీ ముట్టుకోడు.

60వ మ్యాచ్ నాటికి భయస్తుడే సగటున రెండు గెలుపులు ముందున్నాడు. అది చూసి నా గుండె జారింది. 95 దగ్గర రెండోవాడు అందుకున్నాడు. 162 అయ్యేసరికి నాలుగు గెలుపులు ముందున్నాడు. భయస్తుడి దగ్గర రాజోలు సగం సీజన్లలో ఆగస్టు చూడలేదు. రాజోలు పోయాక అతని బరువు రావులపాలెం మీద పడింది, అతని తర్వాత ముమ్మిడివరం. ఒకరి వెనక ఒకరు.

అతి జాగ్రత్తపరుడు ఇద్దరి మధ్యన ఆగాడు. ఇది నేను ఊహించలేదు. అతని మంచివాళ్ళు ఏడాదంతా తాజాగానే ఉన్నారు, కానీ వాళ్ళు వెయ్యని ఇన్నింగ్స్ గాల్లో కలిసిపోవు కదా. అవి మలికిపురం మీదా, కింది జట్టు కుర్రాళ్ళ మీదా పడ్డాయి. బిగువైన ఇన్నింగ్స్ బలహీనుల చేతికెళ్ళాయి, వాళ్ళు కూడా అలిశారు. కాపాడటమంటే ఊరికే కూర్చోబెట్టడమని జూన్‌లో నేననుకున్నాను. ఆ 600 ఇన్నింగ్స్ ఎలాగూ ఎవరో ఒకరు వెయ్యాల్సిందే.

0.6 మార్చి కూడా చూశాను. 0.5 పెడితే భయస్తుడికీ రెండోవాడికీ తేడా దాదాపు చెరిగిపోయింది. 0.7 పెడితే రెట్టింపైంది. కాబట్టి నాలుగు గెలుపులన్నది బేస్‌బాల్ గురించి చెప్పే మాట కాదు, నా ఆటలో నా అంకె చెప్పే మాట. వార్మప్‌ల బరువు తీసేసినప్పుడు మాత్రం మూడు అంకెల దగ్గరా ఫలితం తారుమారైంది. మేస్త్రి మాట అంత బరువైనది.

ఆగస్టు 6

కొత్త సీజన్. బావగారి జట్టుతో మూడు మ్యాచ్‌ల సిరీస్, ఇవాళ మూడోది. చెరొకటి గెలిచాం.

పొద్దుటి కాగితం: రాజోలు సోమ, మంగళ రెండు రాత్రులూ వేశాడు, మట్టం 27, రెండో హెచ్చరిక. రేపు మ్యాచ్ ఉంది, ఐదో స్టార్టర్. రాజోలు పేరు పక్కన 'లేడు' అని రాశాను.

ఎనిమిదో ఇన్నింగ్ 3-3. ఒక అవుట్, ఇద్దరు బేస్‌ల మీద. లెవరేజ్ మూడు దాటింది. వేలు రాజోలు పేరు మీదికే వెళ్ళింది. బంతి వేగం అతనిదే ఎక్కువ, ఎదురుగా ఉన్నది బావగారి జట్టులో అందరికన్నా బలమైన బ్యాటర్. కాగితం చూశాను. మలికిపురాన్ని దించాను. మొదటి బ్యాటర్‌ని అవుట్ చేశాడు. రెండోవాడు కుడివైపు నేల మీద దొర్లేలా కొట్టాడు, సందులోంచి దూరింది, ఒక పరుగు. 3-4తో ఓడిపోయాం.

వెంటనే ఫోన్. "ఏరా, రాజోలు ఖాళీగానే కూర్చున్నాడుగా, ఎందుకు దించలేదు?"

"27 మీదున్నాడు బావగారూ. రెండో హెచ్చరిక."

"మ్యాచ్ పోయింది కదరా!"

"పోయిందండి. రేపు పొద్దుటికి 16కి దిగుతాడు. మా ఐదో స్టార్టర్ రేపు నాలుగు ఇన్నింగ్స్‌కే దిగిపోయినా చివర్లో అతనుంటాడు. మీ క్లోజర్ మూడు రాత్రులూ వేశాడు బావగారూ. పొద్దుటికి 33. ఎల్లుండి దాకా ముట్టుకోకండి."

అవతల కాసేపు మాట లేదు. వెనకాల అక్క గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"వార్మప్‌లు కూడా కలిపే చెబుతున్నావా?"

"కలిపేనండి. నిన్న అతన్ని ఏడో ఇన్నింగ్‌లో ఊరికే ఒకసారి లేపారు, అది నేనింకా కలపలేదు. కలిపితే ఇంకా ఎక్కువే."

"నా ఎనిమిది మందికీ ఒక షీట్ తెరిచి పంపరా."

పాత మ్యాచ్‌ల లాగ్ అంతా ఎక్కించాలి, ఆయన జట్టు వార్మప్‌లు వేరే ఫైల్లో ఉన్నాయి. ఇవాళ షిఫ్టు మొదలయ్యేలోపు సగమైనా చేసి పంపాలి.